మగపిల్లల తల్లులూ, ఓ మాట!

చెల్లెళ్ళూ, ఇవాళ తలుపు కాస్త దగ్గరగా వేసుకుని మాట్లాడుకుందాం. నెలసరి గురించి, తెల్లబట్ట గురించి, కాన్పు కుట్ల గురించి ఈమధ్య మనం బాగానే నోరు విప్పుతున్నాం. పిల్లాడు ఉచ్చ పోసుకునే చోట ఎర్రబడిందనేసరికి మాత్రం గొంతు దిగిపోతుంది. అమ్మకి చెబితే ఆముదం రాయమంటుంది. అత్తగారికి చెబితే పసుపు అద్దమంటుంది. ఆయనకి చెబితే "అదే తగ్గుతుందిలే" అని మళ్ళీ ఫోన్లోకి తల దించేస్తాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పిల్లాడు రెండు రోజులుగా ఉచ్చకి వెళ్ళాలంటేనే ఏడుస్తూ ఉంటాడు.

అందుకే అంగం కొసను కప్పి ఉండే ఆ ముందు చర్మం సంగతి ఇవాళ మొదట్నుంచీ చెప్పుకుందాం. పిల్లాడితో మొదలుపెట్టి పిల్లాడి తాతగారి దాకా వెళ్దాం.

చంటిబిడ్డకి లాలపోయడం మన ఇళ్ళల్లో ఎంత పెద్ద కార్యక్రమమో మీకు తెలుసు. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డని కాళ్ళ మీద వేసుకుని, నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, చెంబుతో నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేస్తే బిడ్డ రెండు గంటలు కదలకుండా నిద్రపోతుంది. ఆ పెద్దవాళ్ళ చేతుల్లో ఉండే ఒడుపు మన తరానికి రాలేదు, ఒప్పుకుంటాను. కాకపోతే మగబిడ్డయితే చాలా ఇళ్ళల్లో ఇంకో పని కూడా చేస్తారు. రెండు చుక్కల నూనె వేసి ఆ చర్మాన్ని రోజూ కొంచెం కొంచెం వెనక్కి లాగుతారు. "ఇప్పుడు లాగకపోతే బిగుసుకుపోతుందే, రేపు పెళ్ళయ్యాక ఇబ్బంది పడతాడు" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ఒక్క పని వద్దమ్మా. ఎవరు చెప్పినా వద్దు.

ఎందుకంటే, పుట్టినప్పుడు ఆ చర్మం లోపలి వైపు కొసకి అతుక్కునే ఉంటుంది. అది జబ్బు కాదు, దాని నిర్మాణమే అంత. పచ్చి చింతకాయ పెంకు తీయబోతే గుజ్జుతో సహా ఊడి వస్తుంది కదా, అదే పండితే పెంకు దానంతటదే విడిపోతుంది. ఇదీ అంతే. ఇంగ్లండులో డగ్లస్ గైర్డ్‌నర్ అనే పిల్లల డాక్టరు 1949లో పసిబిడ్డల్ని పరీక్షించి రాశాడు, పుట్టినప్పుడు పూర్తిగా వెనక్కి వచ్చేది నూటికి నలుగురికేనని. డెన్మార్క్‌లో జాకబ్ ఓస్టర్ అనే ఆయన బడిపిల్లల్ని ఏళ్ళ తరబడి చూసి 1968లో లెక్కలు ప్రచురించాడు. 6–7 ఏళ్ళ వాళ్ళలో నూటికి 63 మందికి ఆ అతుకు ఇంకా ఎంతో కొంత మిగిలే ఉంది. 16–17 ఏళ్ళు వచ్చేసరికి అది నూటికి ముగ్గురికి తగ్గిపోయింది. ఎవరూ లాగి విడదీసింది కాదు, వయసుతో విడిపోయింది.

లాగితే ఏమవుతుంది? కంటికి కనపడనంత సన్నగా చిరుగుతుంది. మండుతుంది. మానుతూ మానుతూ అక్కడ గట్టి మచ్చ కడుతుంది. ఆ మచ్చ వల్ల చర్మం నిజంగానే బిగుసుకుపోతుంది. అంటే ఏది రాకూడదని లాగుతున్నామో అదే చేతులారా తెచ్చిపెడుతున్నామన్నమాట. మీ ఇంట్లో నీళ్ళు పోసే పెద్దావిడకి ఈ మాట గట్టిగా చెప్పలేకపోతే నా పేరు చెప్పండి, "పత్రికలో అక్క వద్దంది" అనండి. లేదా లాల పూర్తయ్యే సమయానికి "ఇక్కడ నేను కడుగుతా అత్తయ్యా" అని మీరే చెంబు అందుకోండి. గొడవ లేకుండా పని జరిగిపోతుంది. సున్నిపిండి కూడా ఆ చోట వద్దు. పిండి రవ్వ మడతలో ఇరుక్కుంటే రోజంతా గరగరలాడుతుంది.

ఇంకో రెండు సంగతులకి తల్లులు హడలిపోతారు. మొదటిది, చర్మం కింద తెల్లగా చిన్న ఉండలు కనిపించడం. చీము అనుకుంటారు. చర్మం విడివడే క్రమంలో రాలిన పొట్టు అది, దానంతటదే బయటికి వస్తుంది, గిల్లొద్దు. రెండోది, ఉచ్చ పోసేటప్పుడు కొస బుడగలా ఉబ్బడం. పిల్లాడికి నొప్పి లేకుండా, ధార బాగా వస్తూ ఉంటే దానికీ మందు అక్కర్లేదు.

"మరి మూడేళ్ళ పిల్లాడికి చర్మం వెనక్కి రావట్లేదు, ఆపరేషన్ చెయ్యాలన్నారక్కా" అని అడిగే తల్లులు చాలామంది ఉన్నారు. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, డాక్టరుగారినే నేరుగా అడగండి: "కొసన తెల్లగా గట్టిపడిన మచ్చ ఉందాండీ? మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వస్తోందా?" రెండూ లేవంటే, ఉచ్చకి ఇబ్బంది లేదంటే, మూడేళ్ళకి రాకపోవడం జబ్బు కాదు. ఇంకో పిల్లల డాక్టరుకో, పిల్లల సర్జన్‌కో చూపించి రెండో మాట విన్నాకే కత్తి సంగతి ఆలోచించండి. నిజంగా అవసరమైన పిల్లలు ఉంటారు. వాళ్ళకి కూడా చాలాసార్లు ముందు పూతమందు ఇచ్చి చూస్తారు. బీటామెథసోన్ లాంటిది తక్కువ మోతాదులో, డాక్టరు చూపించిన చోట, చెప్పినన్ని వారాలు రాస్తే చర్మం మెత్తబడి ఎక్కువ మందికి కోత తప్పుతుంది.

సరే, ఇక ఎర్రబడటం గురించి.

చిన్నపిల్లల్లో కొస ఎర్రబడి కొంచెం వాచిందంటే ప్రతిసారీ పురుగు పట్టిందని కాదు. చాలాసార్లు మనం వాడే సబ్బే కారణం. మంచి వాసన వేసే సబ్బులు, టబ్బులో నురగ కోసం కలిపే ద్రవాలు, సరిగా జాడించని డ్రాయర్లో మిగిలిన సర్ఫు పొడి, గంటల తరబడి మార్చని డైపరు. ఎండాకాలం చెమట ఉండనే ఉంది. వీధిలో ఇసుకలో ఆడి వచ్చి ఆ చేతుల్తోనే ఉచ్చ పోసుకోవడం, వాడికి తోచక పట్టుకుని లాగుతూ ఉండటం కూడా కారణాలే. మూడేళ్ళ వాడు పట్టుకుని లాక్కుంటే కొట్టకండి, చేతికి బొమ్మ ఇవ్వండి.

మన తెలుగిళ్ళకి ప్రత్యేకమైన కారణం ఇంకోటి ఉంది. కారం! ఆవకాయ కలిపిన చేత్తో, పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో పిల్లాణ్ణి కడిగామంటే వాడు వేసే కేకలకి పక్కింటి వాళ్ళు పరిగెత్తుకొస్తారు. మిరప కల్లాల్లో, గుంటూరు యార్డులో పనిచేసే మగవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. మిరపకాయలో ఘాటు నీళ్ళకి పోదు, నూనెకి కరుగుతుంది. అందుకని ముందు చేతులకి కాస్త నూనె రుద్దుకుని, తర్వాత సబ్బుతో కడుక్కుని, అప్పుడు ముట్టుకోవాలి. పత్తి చేలకీ మిరప తోటలకీ మందు కొట్టే మీ ఇంటాయనకి కూడా ఇదే చెప్పండి. మగవాళ్ళు దొడ్డికి వెళ్ళొచ్చాక చేతులు కడుక్కుంటారు. మందు కొట్టే రోజు మాత్రం వెళ్ళేముందే కడుక్కోవాలి. పురుగుమందు అక్కడి పల్చటి చర్మంలోంచి ఒంట్లోకి తేలిగ్గా దిగుతుంది.

ఎర్రబడినప్పుడు ఏం చెయ్యాలి? చాలా తక్కువ చెయ్యాలి. అదే మనకి కష్టం! సబ్బు పూర్తిగా ఆపేయండి. రోజుకి రెండుసార్లు గోరువెచ్చని నీళ్ళ టబ్బులో పది నిమిషాలు కూర్చోబెట్టండి. మెత్తటి బట్టతో అద్ది ఆరనివ్వండి, రుద్దొద్దు. ఇంట్లో ఉన్నంతసేపు డైపరు, బిగుతు డ్రాయరు లేకుండా వదిలేయండి. వదులు నూలు లాగు చాలు. మామూలు పెట్రోలియం జెల్లీ పైన పల్చగా రాస్తే ఉచ్చ తగిలినప్పుడు మంట తగ్గుతుంది. మంటకి భయపడి ఉచ్చ ఆపుకుంటున్నాడా? ఆ గోరువెచ్చని టబ్బులోనే పోసెయ్యమనండి. ఫరవాలేదు, తర్వాత నీళ్ళు మార్చుకోవచ్చు.

డెట్టాల్ చుక్కలు వెయ్యొద్దు. పౌడరు చల్లొద్దు. పసుపు, ఆముదం, వేపాకు పసరు వద్దు. వీటిమీద నాకు కోపం లేదు, పసుపు కాలి వేలికి దెబ్బ తగిలితే అద్దుకోండి. ఈ చర్మం కంటిరెప్ప అంత పల్చన. ఒరుసుకుపోయి ఉన్న చోట ఏది వేసినా మంట రెట్టింపవుతుంది. పైగా పసుపు రంగు పట్టిందంటే ఎరుపు పెరుగుతోందో తగ్గుతోందో డాక్టరుకి కూడా తెలియదు.

ఇలా జాగ్రత్త పడితే మామూలు ఒరుపు రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే ఆ తర్వాత ఇంట్లో ఉంచుకోవద్దు. మూడో రోజు దాకా కూడా ఆగకూడని సందర్భాలున్నాయి. చీము కారుతున్నా, ఎరుపు కొస దాటి అంగమంతా పాకుతున్నా, పొత్తికడుపు వైపు ఎక్కుతున్నా, జ్వరం వచ్చినా, రక్తం కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి. ధార సన్నటి దారంలా అయిపోయినా, ముక్కుతూ పోస్తున్నా అంతే. ఎనిమిది పది గంటలుగా ఉచ్చే పోయలేదంటే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరమంటే, ఎరుపు ఉన్నా లేకపోయినా, తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. కొస ఎర్రబడి వాచినప్పుడు, చర్మం వెనక్కి లాగకుండానే ఒకసారి చుట్టూ చూడండి, తలవెంట్రుకో సాక్సు దారమో చుట్టుకుని బిగుసుకుందేమో. విడ్డూరంగా అనిపిస్తుంది గానీ పసివాళ్ళలో జరుగుతుంది.

డైపరు మానేసిన పిల్లాడికి ఈ బాధ మాటిమాటికీ వస్తోందనుకోండి, దానికి తోడు నీళ్ళు తెగ తాగుతున్నాడు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది, చిక్కిపోతున్నాడు అనుకోండి. ఆ రోజే షుగరు పరీక్ష చేయించండి. పిల్లలకి షుగరేంటి అనకండి. పసివాళ్ళకి వచ్చే రకం ఒకటుంది, అది వారాల్లోనే ముదురుతుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. వెనక్కి వెళ్ళిన చర్మం ముందుకి రాకుండా కొస వెనకాల ఉంగరంలా బిగుసుకుపోవడం. కొస వాచిపోతుంది, వాచిన కొద్దీ చర్మం ఇంకా రాదు, రక్తం ఆడటం ఆగిపోతుంది. పిల్లాడికైనా పెద్దవాడికైనా ఇది గంటల్లో చూపించాల్సిన విషయం. ఆలస్యమైతే కొస నల్లబడి చచ్చుబడిపోయే ప్రమాదం ఉంది. బట్టలో చుట్టిన ఐసు పెట్టుకుంటూ తిన్నగా అత్యవసర విభాగానికి వెళ్ళండి. బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి. ఏ మందుల షాపుకో వెళ్ళి మాత్ర అడగడం దీనికి కుదరదు.

ప్యాంటు జిప్పులో చర్మం ఇరుక్కోవడం ఇంకోటి. తొందర్లో జిప్పు కిందకి గుంజకండి. ప్యాంటు బట్టని జిప్పు చుట్టూ కత్తిరించి బరువు తీసేసి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ జిప్పు మధ్యలో ఉండే చిన్న కమ్మీని కోసేస్తారు, రెండు పళ్ళవరుసలూ విడిపోతాయి. బడికెళ్ళే కుర్రాళ్ళు లోపల డ్రాయరు వేసుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది.

సుంతీ చేయించే ఇళ్ళ చెల్లెళ్ళకి రెండు ముక్కలు. గాయం మానేటప్పుడు కొస మీద పసుపుపచ్చటి పొర కడుతుంది. అది చీము కాదు, గీకకండి. గుడ్డ తడిసేలా రక్తం ఆగకుండా వస్తున్నా, జ్వరమొచ్చినా, ఉచ్చ పోయకపోయినా వెంటనే వెళ్ళండి. పుట్టింటి వైపు మేనమామల్లో ఎవరికైనా దెబ్బ తగిలితే రక్తం ఆగని జబ్బు ఉంటే, సుంతీకి ముందే ఆ మాట డాక్టరు చెవిన వెయ్యాలి.

ఇక పిల్లాడు ఎదుగుతాడు. చర్మం దానంతటదే వెనక్కి రావడం మొదలయ్యాక, స్నానంలో నొప్పి లేనంత మేరకే వెనక్కి తీసుకుని, మామూలు నీళ్ళతో కడుక్కుని, తడి తుడుచుకుని, మళ్ళీ ముందుకి తెచ్చుకోవడం నేర్పాలి. ముందుకి తెచ్చుకోవడం మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పాలి. ఎవరు నేర్పాలి? వాళ్ళ నాన్న. మన మగవాళ్ళు పిల్లాడికి బండి నడపడం నేర్పుతారు, ఈత నేర్పుతారు, ఇది మాత్రం నోటంట రాదు. పదేళ్ళ వాడికి అమ్మ చెబితే సిగ్గుతో మెలికలు తిరుగుతాడు. నాన్న లేని ఇంట్లో మేనమామ చెప్పొచ్చు, లేదా పిల్లల డాక్టరుగారు వాడి ముందే చెప్తారు. అప్పుడే ఇంకో మాట కూడా అందులో కలపమనండి. నీ ఒంటి మీద ఈ చోటు నీది, నొప్పి ఉంటే మాకు చెప్పు, మేము తిట్టం. ఎవరైనా పట్టుకోబోతే కూడా చెప్పు.

పెళ్ళీడు కుర్రాళ్ళ బాధ వేరే. చర్మం బిగుతుగా ఉండి వెనక్కి రాదని వాళ్ళకి ముందే తెలుసు, ఎవరికీ చెప్పరు. మొదటి రాత్రి చిరిగి రక్తం వస్తే అమ్మాయి హడలిపోతుంది, అబ్బాయి మొహం చాటేస్తాడు, పెద్దవాళ్ళు ఇంకేదో ఊహించుకుంటారు. పూతమందుతో తగ్గేది కొందరికి, చిన్న ఆపరేషన్‌తో తగ్గేది కొందరికి. ఆ ఆపరేషన్‌కీ మతానికీ సంబంధం లేదు, అపెండిసైటిస్‌కి కోత పెట్టించుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పెళ్ళికి నాలుగైదు నెలల ముందు చూపించుకుంటే ఎంత హాయి!

ఇప్పుడు మన ఇంటాయన దగ్గరికి వద్దాం. నలభై దాటిన మనిషికి ఉన్నట్టుండి అక్కడ దురద, ఎరుపు, పెరుగు తరకల్లాంటి తెల్లటి పూత, చర్మం అంచున నిలువుగా పగుళ్ళు వచ్చాయంటే నాకు మొదట తట్టేది షుగరు. రక్తంలో షుగరు సుమారు 180 దాటితే మూత్రంలోకి దిగడం మొదలవుతుంది. ఉచ్చ పోసిన చోట చీమలు పట్టాయంటే షుగరని మన ముసలమ్మలు ఊరికే అనలేదు. ఆ తీపి చుక్కలు చర్మం మడతలో నిలిచి, తడికి, వెచ్చదనానికి బూజు జాతి ఫంగస్ ఎంచక్కా పెరుగుతుంది. చాలామంది మగవాళ్ళకి షుగరుందని మొదట చెప్పేది ఈ దురదే. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని ఐసీఎంఆర్ వాళ్ళ అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. అందులో మీ ఇంటాయన ఉన్నారో లేదో ఓ రక్తపరీక్ష చెప్పేస్తుంది. పరగడుపున 126, మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ 6.5. వీటికి చేరినా, దాటినా షుగరు కింద లెక్క. డాక్టరు ఇంకోసారి పరీక్షించి ఖాయం చేస్తారు.

షుగరు ముందే ఉండి మందు వాడుతున్నవాళ్ళ సంగతి ఇంకా చిత్రం. ఈమధ్య డాక్టర్లు బాగా రాస్తున్న మాత్రలు కొన్ని ఉన్నాయి, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని చివర గ్లిఫ్లోజిన్ ఉంటుంది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు అయిపోయి ధర దిగాక ఊరూరా వాడుతున్నారు. మంచి మందులు. గుండెకీ కిడ్నీకీ మేలు చేస్తాయి. ఇవి పనిచేసే తీరే షుగర్ని మూత్రంలోకి తోసెయ్యడం. అందుకని ఈ మాత్ర మొదలుపెట్టాక అక్కడ దురద రావడం మామూలే, ఆడవాళ్ళకీ వస్తుంది. మాత్ర సొంతంగా ఆపెయ్యొద్దు. రాసిన డాక్టరుకి చెప్పాలి. ప్రతిసారీ ఉచ్చ పోశాక నీళ్ళతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకుంటే చాలా మటుకు రాదు. అరుదే గానీ, అంగానికీ మలద్వారానికీ మధ్య భాగంలో తట్టుకోలేని నొప్పి, వాపు, జ్వరం వస్తే అది ప్రాణం మీదికి వచ్చే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు ఒక్క గంట కూడా దాటనివ్వకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఇదంతా వదిలేసి మగవాళ్ళు చేసేదేమిటంటే, మందుల షాపు కుర్రాడి చెవిలో గొణిగి ఓ ట్యూబు తెచ్చుకుని రహస్యంగా రాసుకోవడం. ఆ కుర్రాడు ఇచ్చే ట్యూబులో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, ఘాటైన స్టెరాయిడ్ అన్నీ కలిపి ఉంటాయి. రెండు రోజుల్లో దురద మాయం. ఆపగానే రెండింతలై వస్తుంది. మళ్ళీ ట్యూబు. చివరికి చర్మం పల్చబడి కాగితంలా అయిపోతుంది, ఫంగస్ మొండికేసి తొడల దాకా పాకుతుంది. తామరకి ఇలాగే రాసి రాసి దేశమంతా మొండి తామర తెచ్చుకున్నాం. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన పెట్టింది. అమ్ముతూనే ఉన్నారు. ఇందాక పిల్లల చర్మం మెత్తబడటానికి స్టెరాయిడే రాస్తారని చెప్పానుగా, అది ఎంత ఘాటు, ఎంత చోట, ఎన్నాళ్ళు అని డాక్టరు కొలిచి ఇచ్చేది. ఫంగస్ మీద గుడ్డిగా రాసుకునే స్టెరాయిడ్‌తో దానికి పోలికే లేదు.

"అది నాకు అంటుకుంటుందా అక్కా? నా వల్ల ఆయనకి వచ్చిందా?" ఇది మీరు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. ఫంగస్ వచ్చినంత మాత్రాన ఎవరి నడతనీ అనుమానించాల్సింది లేదు. ఎక్కడా తిరగని మనిషికీ షుగరుంటే వస్తుంది. మీకూ దురద, తెల్లబట్ట ఉంటే ఇద్దరూ ఒకేసారి చూపించుకోండి, తగ్గేదాకా దూరంగా ఉండండి. కొత్తగా వాడిన కండోమ్ రబ్బరు పడకపోయినా ఎర్రబడొచ్చు. పుండు పడినా, నీటి పొక్కులు వచ్చినా, మూత్రనాళం నుంచి చీము కారినా అది లైంగికంగా వచ్చే జబ్బు కావచ్చు. అప్పుడు ఇద్దరికీ పరీక్ష, ఇద్దరికీ వైద్యం ఉండాలి. ఒక్కరే వాడితే మళ్ళీ చుట్టుకుంటుంది. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది. ఇలాంటివాటికి అక్కడ ఉచితంగా చూస్తారు, మందులిస్తారు, విషయం గుట్టుగా ఉంచుతారు.

చర్మం తెల్లగా మారి గట్టిబడి ఉంగరంలా బిగుసుకుంటుంటే అది ఇంకో రకం జబ్బు, దానికి నెలల తరబడి వైద్యం ఉంటుంది. వయసు మళ్ళిన మనిషికి నాలుగు వారాలు దాటినా మానని పుండు, చిన్న గడ్డ, చర్మం కింది నుంచి దుర్వాసన, రక్తపు మరక ఉంటే క్యాన్సరేమోనని చూడాలి. బీడీ, ఖైనీ, గుట్కా అలవాటు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. చర్మం వెనక్కి రాని మనిషికి లోపలి పుండు కంటికి కనపడదు, అందుకే ఆలస్యం అవుతుంది.

మీలో కొందరు మంచాన పడ్డ మామగారికో నాన్నగారికో సేవ చేస్తూ ఉంటారు. మూత్రానికి పైపు వేసి ఇంటికి పంపిస్తారు. పైపు వేసేటప్పుడు చర్మం వెనక్కి తీస్తారు. వేశాక మళ్ళీ ముందుకి తేవాలి. హడావుడిలో ఒక్కోసారి మర్చిపోతారు, ముసలాయనకి చెప్పుకునే ఓపిక ఉండదు, చెప్పడానికి సిగ్గు. మర్నాటికి వాచిపోతుంది. ఇందాక కొస వెనకాల ఉంగరంలా బిగుసుకుంటుందన్నానే, ఆ ప్రమాదం పెద్దవాళ్ళకి ఎక్కువగా ఇలాగే వస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చేముందు "చర్మం ముందుకి తెచ్చారాండీ?" అని సిస్టర్ని ఒక్క మాట అడగండి. ఇంట్లో రోజూ ఒళ్ళు తుడిచేటప్పుడు కూడా అంతే. మామగారికి కోడలు చెయ్యడం ఇద్దరికీ ఇబ్బందే, ఆ పని కొడుకు చెయ్యాలి. కన్నతండ్రిని శుభ్రం చెయ్యడానికి కొడుక్కి నామోషీ ఏమిటి? కొడుకు ఊళ్ళో లేనప్పుడు మీరు చేసినా తప్పు లేదు. ఆయన కూడా ఒకప్పుడు ఇంట్లో లాల పోయించుకున్న బిడ్డే.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో తెలియక చాలామంది ఆగిపోతారు. పిల్లాడికైతే పిల్లల డాక్టరు చాలు. పెద్దవాళ్ళ దురద, ఎరుపు, పుండ్లు చర్మవ్యాధుల డాక్టరు చూస్తారు. మన దేశంలో ఆ చదువులోనే సుఖవ్యాధుల వైద్యం కూడా కలిసి ఉంటుంది. ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో డీవీఎల్ అని రాసి ఉన్న విభాగం అదే. ధార సన్నబడటం, బిగుతు, ఆపరేషన్ అయితే యూరాలజిస్టు. హైదరాబాదులో ఉంటే బస్తీ దవాఖానాతో మొదలుపెట్టినా చాలు, ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళు చెప్తారు. రైలు పట్టాల పక్కన గోడల మీద రాసి ఉండే గుప్తరోగ నిపుణుల దగ్గరికి మాత్రం వెళ్ళనివ్వకండి. వాళ్ళు ఖాళీ చేసేది రోగాన్ని కాదు, జేబుని.

మీ ఆయన చివరిసారి షుగరు పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో ఇవాళ రాత్రి భోజనాల దగ్గర అడగండి. ఏడాది దాటిందంటే రేపు పొద్దున్నే కాఫీ ఇవ్వకుండా ల్యాబుకి పంపండి.